రేడియో విమానం బొమ్మకు బందులు మార్చడం ఎలా?



హాస్టలు గది తలుపుకు బందు ఊడితే ఏమవుతుంది? తలుపు ఒక పక్కకు వాలుతుంది. కిర్రుమంటది. నేలకు రాసుకుంటది. ఎవరో ఒకరు రాయి ఆనించి నెట్టుకొస్తారు. నెల రోజులు అట్లాగే గడిచినా ఎవరికీ పెద్ద దెబ్బ తగలదు. కాని గాలిలో ఎగిరే విమానానికి బందు ఊడితే రాయి ఆనించే వీలు లేదు. అది నేలను తాకేదాకా మన చేతిలో ఏమీ ఉండదు. అందుకే ఈ సంచికలో బందుల పాఠం రాస్తున్నాము.

రేడియో విమానం అంటే లోపల మనిషి లేకుండా, నేల మీద నిలబడి చేతిలోని ట్రాన్స్‌మీటరుతో నడిపే చిన్న విమానం. ఎన్.సి.సి. ఎయిర్ వింగులో ఏరోమోడలింగ్ అనే పేరుతో దీన్ని నేర్పుతారు. మీలో కొందరు ముందు ముందు ఎయిర్ వింగులో చేరతారు. అక్కడ మీ చేతికి వచ్చే విమానం కొత్తదే అయి ఉండాలని లేదు. నాలుగు చేతులు మారి, పది సార్లు నేలకు గుద్దుకున్నదే కావచ్చు. దాన్ని ఎగరేసే ముందు బందులు చూడటం, పాడైతే మార్చడం తెలిసి ఉండాలి.

1. విమానంలో బందులు ఎక్కడ ఉంటాయి?

విమానంలో గాలికి ఎదురు నిలిచి దారి మార్చే పలకలు మూడు రకాలు.

(అ) ఎయిలరాన్: రెక్కల వెనుక అంచున ఉంటుంది. రెండు పక్కలా ఒక్కొక్కటి. ఒకటి పైకి లేస్తే రెండోది కిందికి వాలుతుంది. దీంతో విమానం పక్కకు ఒరుగుతుంది. ఎయిలరాన్ అనేది ఫ్రెంచి మాట. అర్థం చిన్న రెక్క.

(ఆ) ఎలివేటరు: తోక దగ్గర అడ్డంగా ఉన్న రెక్క వెనుక ఉంటుంది. ఇది విమానం ముక్కును పైకి, కిందికి తిప్పుతుంది.

(ఇ) రడ్డరు: తోక దగ్గర నిలువుగా ఉన్న రెక్క వెనుక ఉంటుంది. ఇది ముక్కును ఎడమకు, కుడికి తిప్పుతుంది. పడవకు చుక్కాని ఎట్లాగో ఇదీ అట్లాగే.

1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానానికి ఎయిలరాన్లు లేవు. వారు తీగలతో లాగి రెక్కల కొసలనే మెలిపెట్టేవారు. తరువాత వచ్చిన విమానాలలో రెక్కను గట్టిగా ఉంచి, వెనుక ఒక పలకను విడిగా కదిపే పద్ధతి స్థిరపడింది. విడిగా కదలాలంటే మధ్యలో బందు ఉండాలి గదా.

ఇప్పుడు మన ఆజ్ఞ ఎట్లా పోతుందో చూడండి. ట్రాన్స్‌మీటరు మీది పుల్లను కదిపాం. రేడియో తరంగం పోయింది. విమానంలోని రిసీవరు దాన్ని అందుకుంది. సర్వో అనే చిన్న మోటారు తిరిగింది. దానికి తగిలించిన సన్నని కడ్డీ (పుష్‌రాడ్) కదిలింది. ఆ కడ్డీ ఎయిలరానుకు బిగించిన చిన్న కొమ్మును (హార్న్) నెట్టింది. ఎయిలరాన్ లేచింది. ఈ గొలుసులో చివరి కొక్కెం బందు. ముందున్నవన్నీ ఎంత ఖరీదైనవైనా చివరిది పట్టు తప్పితే ఆజ్ఞ గాలిలో కలిసిపోయినట్టే.

2. బందులు ఎన్ని రకాలు?

(అ) పీచు పట్టీ బందు: దీన్ని సి.ఏ. బందు అంటారు. సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు, 19 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం ఉన్న పీచు పట్టీ. ఇందులో ఇరుసు లేదు, చీల లేదు. పట్టీయే మడత పడుతుంది. ఊళ్ళో కోళ్ళగూడు తలుపుకు పాత చెప్పు తోలు ముక్కనో, సైకిలు ట్యూబు ముక్కనో మేకుతో కొట్టి బందులాగా వాడటం చూశారు గదా. సూత్రం అదే.

(ఆ) నైలాను ఆకు బందు: అచ్చం తలుపు బందుకు పిల్ల. రెండు ఆకులు, మధ్య సన్నని ఇనుప చీల.

(ఇ) పుల్ల బందు: రెండు చిన్న నైలాను పుల్లలు, మధ్యలో మన మోచేతిలాంటి కీలు. గుండ్రటి రంధ్రాలు చేసి జిగురుతో నాటుతారు. పెద్ద విమానాలకు ఎక్కువగా వాడతారు.

(ఈ) టేపు బందు: థర్మోకోలు, ఫోము విమానాలకు వాడతారు.

నేర్చుకునేవారు వాడే కర్ర విమానాలలో ఎక్కువగా కనిపించేది మొదటి రకం. కాబట్టి దాన్నే వివరంగా చెప్పుకుందాం.

కర్ర అన్నాం గదా, అది బాల్సా కర్ర. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశం నుంచి ఎక్కువగా వస్తుంది. బాల్సా చెట్టు మన బూరుగు చెట్టుకు చుట్టం, ఒకే కుటుంబం. ఒక ఘనపు మీటరు టేకు సుమారు 650 కిలోలు తూగితే, బాల్సా సుమారు 160 కిలోలే తూగుతుంది. మన కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కర్రలాగా తేలిక, మెత్తన. తేలిక కాబట్టి విమానం లేస్తుంది. మెత్తన కాబట్టి బందు దాన్ని చీల్చుకొని బయటకు వచ్చే ప్రమాదం ఉంది. బందుల పనిలో కష్టమంతా ఇక్కడే ఉంది.

3. బందు వదులైతే ఏమవుతుంది?

ఎయిలరాన్ కొంచెం లొడలొడలాడితే ఏమైందిలే అనుకోవద్దు. ఒక చిన్న లెక్క చూడండి.

ఎయిలరాన్ వెడల్పు 40 మిల్లీమీటర్లు అనుకుందాం. కడ్డీ తగిలించిన హార్న్ రంధ్రం బందు గీత నుంచి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉందనుకుందాం. ఆ రంధ్రం దగ్గర 1 మిల్లీమీటరు వదులు ఉంటే, వెనుక అంచు దగ్గర ఎంత ఊగుతుంది? సరూప త్రిభుజాల పాఠం గుర్తు తెచ్చుకోండి. 40ని 12తో భాగిస్తే 3.3 వస్తుంది. అనగా వెనుక అంచు సుమారు 3.3 మిల్లీమీటర్లు తనంత తానే ఊగుతుంది. బందు దగ్గరి వదులు దీనికి అదనం.

ఇక గాలి సంగతి. జెండా కర్రకు కట్టిన గుడ్డను గాలి ఎట్లా కొడుతుందో చూశారు గదా. గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి వస్తున్నా గుడ్డ అటూ ఇటూ టపటపా కొట్టుకుంటుంది. వదులైన ఎయిలరాన్ కూడా వేగం పెరిగితే అట్లాగే కొట్టుకోవడం మొదలు పెడుతుంది. దీన్ని ఫ్లట్టర్ అంటారు. ఒకసారి మొదలైతే ప్రతి ఊపు తరువాతి ఊపుకు బలమిస్తుంది. ఊయలను సరైన సమయానికి నెట్టుతూ ఉంటే ఎత్తు పెరుగుతుందే, అట్లా. క్షణాలలో బందులు చీల్చుకొని వస్తాయి. సర్వో పళ్ళు విరుగుతాయి. కొన్నిసార్లు రెక్కే విరిగిపోద్ది.

ఎగిరేటప్పుడు విమానం నుంచి జుయ్యిమని తుమ్మెద మోత వినిపిస్తే అది ఫ్లట్టర్ కావచ్చు. వెంటనే మోటారు వేగం తగ్గించాలి. ముక్కును మెల్లగా పైకెత్తి వేగాన్ని చంపాలి. ఆ తరువాత దించేయాలి. ఇంకొక చుట్టు తిప్పుదామని ఆశపడకూడదు.

బొమ్మే గదా, పడితే ఏం పోయింది అంటారా? ఇంకొక లెక్క. విమానం బరువు 2.5 కిలోలు, వేగం సెకనుకు 20 మీటర్లు (గంటకు 72 కిలోమీటర్లు) అనుకుందాం.

గతి శక్తి = 1/2 × 2.5 × 20 × 20 = 500 జౌళ్ళు.

10 కిలోల బియ్యం మూటను 5 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే (g = 10 అనుకుంటే) 10 × 10 × 5 = 500 జౌళ్ళు. రెండూ ఒకటే. పైగా మూటకు లేని తిరిగే పంకా విమానానికి ఉంది. మైదానంలో చుట్టూ నిలబడి చూసేది ఎవరు? అయిదో తరగతి, ఆరో తరగతి పిల్లలు. ఇప్పుడు చెప్పండి, ఇది బొమ్మ సంగతేనా?

నిజం విమానంలో జరిగిన సంగతి ఒకటి చెబుతాం. 2011 సెప్టెంబరు 16న అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో రెనో అనే చోట విమానాల పందెం జరుగుతోంది. అందులో పి-51 రకం పాత యుద్ధ విమానం ఒకటి ఉంది. పందెం కోసం దాన్ని చాలా మార్చారు. దాని ఎలివేటరు వెనుక ట్రిమ్ ట్యాబ్ అనే చిన్న పలక ఉంటుంది. ఆ పలకను పట్టుకున్న మరలు వదులయ్యాయి. వాటి నట్లు పాతవి, అరిగినవి. ఒక మరకు బీట కూడా వారింది. పలక ఫ్లట్టర్‌లో పడి, దాని కడ్డీ విరిగింది. విమానం ఒక్కసారిగా పైకి లేచి, అదుపు తప్పి, ప్రేక్షకుల దగ్గర కూలింది. పైలటుతో కలిపి 11 మంది చనిపోయారు. 60 మందికి పైగా గాయపడ్డారు. విచారణ చేసిన ప్రభుత్వ సంస్థ తేల్చిన కారణం ఇదే. అరిగిన చిన్న నట్లు, వదులైన చిన్న మరలు.

4. బందు బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

ముందుగా బ్యాటరీ వైరు తీసేయండి. కరెంటు విమానమైతే పంకా కూడా విప్పండి. తరువాత ఈ అయిదు పరీక్షలు చేయండి.

చూపు: బందు గీత వెంట పై కవరు పగిలిందా? తెల్లటి గీత పడిందా? 

లాగుడు: ఒక చేత్తో రెక్కను, ఇంకో చేత్తో ఎయిలరానును ప్రతి బందు దగ్గర పట్టుకొని గట్టిగా లాగండి. పంటి నొప్పి ఉన్నవాడి పన్ను లాగినట్టు ఒక్క గుంజు గుంజొద్దు. నిదానంగా బలం పెంచాలి. కొంచెం జరిగినా ఆ బందు పోయినట్టే.

ఊపు: ఎయిలరానును పొడవు వెంట అటూ ఇటూ జరపండి. జరగకూడదు.

చెవి: మెల్లగా పైకి, కిందికి వంచండి. టిక్కుమన్నా, కరకరమన్నా లోపల జిగురు విడిపోయిందని అర్థం.

వెలుతురు: కిటికీకి ఎదురుగా పట్టి సందులోంచి చూడండి. సందు ఒక కొస నుంచి రెండో కొస వరకు ఒకే తీరుగా ఉండాలి. ఒక చోట వెడల్పయితే అక్కడ బందు బయటకు వస్తోందన్నమాట.

ఈ పరీక్షలు ఎగరేసే ప్రతి రోజూ ఉదయం చేయాలి. గట్టిగా దిగిన ప్రతిసారీ మళ్ళీ చేయాలి. ఒక పలకకు ఉన్న బందులలో ఒకటి పోతే మిగిలినవి కూడా అదే వయసువి, అదే దెబ్బలు తిన్నవి. కాబట్టి ఆ పలకకు అన్నీ మార్చడం మంచిది.

5. కావలసిన వస్తువులు

కొత్త పీచు బందులు, పల్చటి సయనో ఎక్రిలేట్ జిగురు (ఫెవిక్విక్ జాతిదే, కాని నీళ్ళలా పారే పల్చటి రకం), సన్న మొన బ్లేడు కత్తి, స్కేలు, పెన్సిలు, గుండు సూదులు, 2.5 మిల్లీమీటర్ల డ్రిల్లు ములికి, సన్నని గరుకు కాగితం, పాత టూత్‌బ్రష్షు. పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి. వస్తువులలో ఇదే మొదటిదని అనుకోండి.

6. పాత బందును తీయడం

ముందు కడ్డీని హార్న్ నుంచి విప్పండి. కొన్ని విమానాలలో హార్న్ ఉండదు. రెక్క మధ్య నుంచి వచ్చిన వంకర తీగ ఎయిలరాన్ లోపలికి దూరి ఉంటుంది. అట్లాంటప్పుడు ఎయిలరానును నేరుగా వెనక్కి, ఆ తీగ వంగకుండా లాగాలి.

తరువాత సందులో సన్నని బ్లేడు పెట్టి పాత బందులను అడ్డంగా కోసేయండి. సగం ముక్క రెక్కలో, సగం ముక్క ఎయిలరానులో మిగిలిపోతుంది. ఆ ముక్కలను పెకలించే పని పెట్టుకోవద్దు. జిగురు కర్రలోకి ఇంకి రాయిలా అయి ఉంటుంది. పెకలిస్తే చుట్టూ కర్ర కూడా ఊడి వస్తుంది. వాటిని అక్కడే ఉండనివ్వండి. పైకి పొడుచుకు వచ్చిన భాగాన్ని మాత్రం గరుకు కాగితంతో చదును చేయండి.

కొత్త బందు పాతదాని చోట కాదు, దానికి 12 నుంచి 15 మిల్లీమీటర్ల పక్కన పెడతాం. పగిలిన పాత గుంజ గుంటలోనే కొత్త గుంజ నాటితే ఊగుతుంది. పక్కన గట్టి నేలలో కొత్త గుంట తవ్వితే నిలుస్తుంది. ఇదీ అంతే.

ఒకవేళ బందు చీల్చుకొని వచ్చి అక్కడ కర్ర పోయి ఉంటే, ఆ చోటును చతురస్రంగా కోసి, అదే కొలతకు కొత్త బాల్సా ముక్క అతికించి, ఆరిన తరువాత పని మొదలుపెట్టాలి. పుల్ల బందులైతే పాత రంధ్రంలో గుండ్రటి కర్రపుల్లను జిగురుతో దిగగొట్టి, మళ్ళీ రంధ్రం చేయాలి.

7. కొత్త బందును పెట్టడం

మొదటి మెట్టు: గీత గీయడం. రెక్క వెనుక అంచు మందం 10 మిల్లీమీటర్లు అయితే సరిగ్గా 5 దగ్గర పొడవునా గీత గీయండి. ఎయిలరాన్ ముందు అంచుకూ అట్లాగే. తరువాత ఎయిలరానును దాని చోట ఆనించి, కొత్త బందుల స్థానాలను రెండింటి మీద ఒకేసారి గుర్తు పెట్టండి. విడివిడిగా కొలిస్తే తేడా వస్తుంది.

ఇక్కడ రేఖాగణితం ఉంది. రెండు బిందువుల గుండా ఒకే ఒక సరళరేఖ పోతుందని చదువుకున్నారు. రెండు బందులు పెట్టగానే ఎయిలరాన్ తిరిగే రేఖ ఖాయమైపోయింది. మూడో బందు, నాలుగో బందు ఆ రేఖ మీదే ఉండి తీరాలి. ఒక్కటి పైకి గాని కిందికి గాని పోతే ఎయిలరాన్ బిగుసుకుంటుంది. సర్వో దానితో కుస్తీ పడుతూ బ్యాటరీని తాగేస్తుంది. తలుపుకు మూడు బందులు కొట్టే వడ్రంగి దారం పట్టి చూసుకునేది ఇందుకే.

రెండో మెట్టు: చీలిక కోయడం. గీత మీద కత్తి మొన పెట్టి మెల్లగా, పైపైన, చాలాసార్లు పోనివ్వండి. ఒక్క పోటుతో దిగగొడితే కత్తి కర్ర నార వెంట పక్కకు పోయి పై కవరులోంచి బయటకు వస్తుంది. లోతు 14 మిల్లీమీటర్లు చాలు. బందులో సగం 12.5 గదా, దానికి కొంచెం ఎక్కువ. కత్తిని ఎప్పుడూ మన వైపుకు కాకుండా పక్కకు కదపాలి.

మూడో మెట్టు: కాలువ తీయడం. ప్రతి చీలిక నడుమ డ్రిల్లు ములికితో 12 మిల్లీమీటర్ల లోతు రంధ్రం చేయండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. పల్చటి జిగురు కేశనాళికీయత వల్ల సందుల్లోకి పాకుతుంది. దీపం వత్తిలోకి నూనె ఎక్కినట్టే. ఈ రంధ్రం లేకపోతే జిగురు అంచు దగ్గరే ఆగి గట్టిపడుతుంది. రంధ్రం ఉంటే అది పొలంలో కాలువలాగా జిగురును బందు చివరిదాకా తీసుకుపోతుంది. తరువాత చీలికలోని పొట్టును మళ్ళీ కత్తితో తీసేయండి.

నాలుగో మెట్టు: అమర్చడం. బందు సరిగ్గా మధ్యలో ఒక గుండు సూది గుచ్చండి. ఒక సగాన్ని రెక్కలోకి తోయండి. సూది అడ్డం పడుతుంది కాబట్టి సగమే దిగుతుంది. అన్ని బందులూ అట్లా పెట్టి, రెండో సగాల మీదికి ఎయిలరానును తొడగండి. సూదులు తీసి దగ్గరకు నొక్కండి. సందు సుమారు అర మిల్లీమీటరు ఉండాలి. బొత్తిగా సందు లేకపోతే పలక వంగదు. ఎక్కువైతే ఆ సందులోంచి గాలి కారిపోయి పలక పనిచేయదు, బందు కూడా త్వరగా అలిసిపోతుంది.

ఇంకా జిగురు వేయలేదు. ఇప్పుడే పైకి, కిందికి పూర్తిగా వంచి చూడండి. ఎక్కడైనా తగులుతుంటే ఇప్పుడే సరిచేయాలి. జిగురు పడ్డాక చేసేది ఏమీ లేదు.

అయిదో మెట్టు: జిగురు. ఎయిలరానును కిందికి పూర్తిగా వంచి, పైన తెరుచుకున్న సందులోంచి ప్రతి బందు మీద అయిదారు చుక్కలు, ఒకదాని తరువాత ఒకటి, ఇంకనిస్తూ వేయండి. తరువాత తిరగేసి, రెండో వైపు నుంచీ అట్లాగే. గట్టిపడటం త్వరపెట్టే మందు చల్లవద్దు. పైన గట్టిపడిపోయి జిగురు లోపలికి దిగదు. చిక్కటి జిగురు కూడా వద్దు, అదే కారణం.

ఆరో మెట్టు: పావుగంట ఆగడం. తరువాత నిదానంగా వంచండి. మొదట బిగుతుగా ఉంటుంది, నాలుగైదు సార్లకు మెత్తబడుతుంది. ఆపైన లాగుడు పరీక్ష చేయండి. ఊడితే ఇక్కడే ఊడాలి, ఆకాశంలో కాదు.

నైలాను ఆకు బందులకు, పుల్ల బందులకు రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు (అరాల్డైట్ వంటిది) వాడాలి. దానికి ముందు కీలు మీద కొంచెం వాజలైను రాయండి. జిగురు కీలులోకి పోకుండా ఆపుతుంది. ఆకు బందులకు జిగురుతో పాటు పై నుంచి కిందికి సన్నని వెదురు పుల్లను చీలగా దిగగొడితే ఇంకా గట్టి. వెదురు పుల్ల చెక్కడం మీకు ఎవరూ నేర్పనక్కరలేదు.

8. కర్ర నూనె తాగి ఉంటే?

కొన్ని పాత విమానాలకు గ్లో ఇంజను ఉంటుంది. దాని ఇంధనంలో మిథనాల్‌తో పాటు కందెన నూనె కలుపుతారు. కొన్ని ఇంధనాల్లో ఆ నూనె ఆముదమే. అవును, మన తలకు రాసే ఆముదమే. ఎక్కువ వేడిలో కూడా జారుడు వదలదు కాబట్టి మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమాన ఇంజన్లలో కూడా దీన్నే వాడారు. కాని పొగతో పాటు చిమ్మిన నూనె బందు సందుల్లోంచి కర్రలోకి ఇంకుతుంది. నూనె తాగిన కర్రకు ఏ జిగురూ అంటదు.

అట్లాంటి చోట మొక్కజొన్న పిండిగాని ముఖానికి రాసే పౌడరుగాని దట్టంగా అద్ది రాత్రంతా ఉంచండి. అది నూనెను పీలుస్తుంది. ఉదయం టూత్‌బ్రష్షుతో దులిపి, మళ్ళీ అద్దండి. పిండి పొడిగా రాలేదాకా చేసి, చివరికి స్పిరిటుతో తుడిచి ఆరనివ్వాలి. కర్ర నల్లబడి మెత్తగా నలిగితే మాత్రం దాన్ని కోసేసి కొత్త ముక్క వేయక తప్పదు.

9. జాగ్రత్తలు

సయనో జిగురు తేమ తగిలితే గట్టిపడుతుంది. మన చర్మం మీద, కంటిలో తేమ ఉంటుంది. అందుకే వేళ్ళను క్షణంలో అంటిస్తుంది. అంటుకుంటే గుంజొద్దు. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నానబెట్టి మెల్లగా విడదీయాలి. కంటిలో పడితే రెప్పలను బలవంతంగా తెరవకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. దాని ఆవిరి కళ్ళు మండిస్తుంది, కిటికీ తీసి పని చేయండి. నూలు గుడ్డతో తుడవవద్దు. నూలుతో కలిస్తే అది బాగా వేడెక్కి చర్మం కాలుతుంది. చొక్కా మీద ఒలికినా ఇదే ప్రమాదం.

10. ఎగరేసే ముందు

విమానం వెనుక నిలబడి చూడండి. పుల్లను కుడికి తిప్పితే కుడి ఎయిలరాన్ పైకి, ఎడమది కిందికి పోవాలి. పుల్లను మన వైపు లాగితే ఎలివేటరు పైకి లేవాలి. రడ్డరు పుల్లను కుడికి తిప్పితే రడ్డరు కుడికి తిరగాలి. విప్పి బిగించినప్పుడు తిరగబడటానికి అవకాశం ఉంటుంది, కాబట్టి ఇది తప్పనిసరి. విమానాశ్రయాల దగ్గర ఎర్ర జోనులుగా గుర్తించిన చోట అనుమతి లేకుండా ఎగరేయకూడదని మన దేశంలో 2021 నాటి డ్రోన్ నియమాలు చెబుతున్నాయి. అదీ గుర్తుంచుకోండి.

ముఖ్యమైన మాట. బందు మార్చిన వారే దాన్ని తనిఖీ చేసి సరే అనకూడదు. రెండో వారు చూడాలి. నిజం విమానాలలో కంట్రోళ్ళు విప్పి బిగిస్తే ఇంకొక మనిషి విడిగా చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంది. మనమూ అదే పాటిద్దాం. ఆ రెండో మనిషి ఎవరైనా కావచ్చు, ఎనిమిదో తరగతి చెల్లెలైనా కావచ్చు. “అన్నా, ఇది కదులుతోంది” అని ఆమె అంటే ఆ రోజు విమానం ఎగరదు. ముఖ్య అతిథి కుర్చీలో కూర్చొని ఉన్నా, మైకులో ప్రకటించేసినా ఎగరదు. చిన్నపిల్ల చెప్పిందని నవ్వకూడదు. పదిమంది ముందు ఆగడం సిగ్గు కాదు. పదిమంది మీద పడేయడం సిగ్గు.

11. విమానం లేకపోయినా నేర్చుకోవచ్చు

పాత థర్మోకోలు పెట్టె మూత తీసుకోండి. 30 సెంటీమీటర్ల ముక్క కోయండి. దాని వెనుక నుంచి 4 సెంటీమీటర్ల పట్టీని విడిగా కోయండి. పట్టీ ముందు అంచును కింది వైపు 45 డిగ్రీల వాలుగా చెక్కండి. రెండింటినీ వెంట్రుకంత సందుతో పక్కపక్కన పెట్టి పైన పొడవునా సెల్లోటేపు వేయండి. ఇప్పుడు పట్టీని పైకి మడిచి రెక్క మీద బోర్లించండి. తెరుచుకున్న సందులో రెండో టేపు వేసి, మొదటి టేపుకు అంటేలా నొక్కండి. టేపు బందు తయారు. వాలు ఎందుకు చెక్కామో చెక్కకుండా ఒకటి చేసి, కిందికి వంచి చూస్తే మీకే తెలుస్తుంది. థర్మోకోలు మీద మామూలు సయనో జిగురు మాత్రం వేయొద్దు. కరిగించేస్తుంది.

ప్రశ్నలు

1. ఎయిలరాన్ వెడల్పు 50 మిల్లీమీటర్లు, హార్న్ రంధ్రం బందు గీత నుంచి 10 మిల్లీమీటర్లు. రంధ్రం దగ్గర 1 మిల్లీమీటరు వదులుంటే వెనుక అంచు ఎంత ఊగుతుంది?

2. విమానం వేగం రెట్టింపు అయితే గతి శక్తి ఎన్ని రెట్లు అవుతుంది?

3. చీలిక నడుమ రంధ్రం చేయకుండా జిగురు వేస్తే ఏమవుతుంది? కారణం రాయండి.

4. మూడు బందులు ఒకే సరళరేఖ మీద లేకపోతే బ్యాటరీ త్వరగా ఎందుకు అయిపోతుంది?

5. మీ గది తలుపుకు ఎన్ని బందులున్నాయి? వాటికి లాగుడు, ఊపు, చెవి, వెలుతురు పరీక్షలు చేసి, ఏ బందు వదులుగా ఉందో రాయండి.

జవాబులు నోట్సులో రాసి శనివారం సైన్సు గదిలో చూపించండి. అయిదో ప్రశ్నకు జవాబు రాసేవారు స్క్రూడ్రైవరు కూడా అడిగి తీసుకుపోండి.